పారేస్తే పోతుందా?

*కొనడం, వాడడం, పారేయడం. మన ఇళ్లు ఇప్పుడు ఇలాగే నడుస్తున్నాయి. పాడైతే బాగుచేయించుకునే, పనికిరాకపోతే మళ్లీ ముడిసరుకుగా మారే పద్ధతికి జనాన్ని మళ్లించాలని ప్రభుత్వాలు చట్టాలు చేస్తున్నాయి. ఖర్చెవరు భరించాలన్న దగ్గర కంపెనీలు కోర్టుకెక్కాయి. ఈ పనంతా ఇన్నాళ్లూ చేస్తున్న పాతసామాన్ల బండివాడు మాత్రం ఏ కాగితం మీదా లేడు.*

ఆదివారం పొద్దున పదకొండు. ట్రాలీ ఆటో వీధి మలుపు తిరక్కముందే మైకు వినిపిస్తోంది. ‘‘పాత ఇనప సామాన్లు, పాత ప్లాస్టిక్ సామాన్లు, పాడైపోయిన ఫ్రిజ్‌లు, కూలర్లు, వాషింగ్ మిషన్లు, ఇన్వర్టర్ బ్యాటరీలు కొంటాం...’’ ఎప్పుడో రికార్డు చేసిన గొంతు. ఆగకుండా తిరుగుతూనే ఉంది.

మొదటి అంతస్తు ఇల్లాలు మిక్సీ పట్టుకుని కిందికి దిగింది.

‘‘దీనికెంతిస్తావు బాబూ?’’

అతను మిక్సీని తలకిందులు చేసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ‘‘వైండింగ్ కాలిందమ్మా. రాగి కూడా కాదు, అల్యూమినియం. యాభై ఇస్తా.’’

‘‘మూడు వేలు పెట్టి కొన్నది! మూడేళ్లు కూడా కాలేదు. రిపేరుకు తీసుకెళ్తే పన్నెండొందలు అవుతుందన్నాడు. దానికి ఇంకొంచెం వేసుకుంటే కొత్తదే వస్తుంది కదా అని ఊరుకున్నా.’’

‘‘అందరూ అదే అంటున్నారమ్మా. ఇన్వర్టర్ బ్యాటరీ ఏమన్నా ఉందా?’’

‘‘అది షాపులోనే ఇచ్చేశాం. పాతది ఇస్తే కొత్తదాని మీద తగ్గించాడు. పైన బాక్సు టీవీ ఉంది, తీసుకెళ్తావా?’’

‘‘అది వద్దమ్మా. ఊరికే ఇచ్చినా వద్దు. బరువంతా గాజే.’’

యాభై రూపాయల దగ్గర బేరం తెగింది. బ్యాటరీ కోసం షాపువాడూ, బండివాడూ ఇద్దరూ చేయి చాస్తున్నారు. మిక్సీకి తూకం ధర పలికింది. బాక్సు టీవీని కన్నెత్తి చూసేవాడు లేడు. ఈ మూడు వస్తువుల్లో ఏది చెత్తకుప్పకు చేరుతుందో చెప్పడానికి పర్యావరణ శాస్త్రం చదవక్కర్లేదు. పాతదాన్ని బాగుచేసి, మళ్లీ ముడిసరుకుగా వాడే ‘సర్క్యులర్ ఎకానమీ’ పేరుతో ఢిల్లీ నుంచి పారిస్ దాకా జరుగుతున్న చర్చ కూడా ఈ బేరం చుట్టూనే తిరుగుతోంది. మార్కెట్లో ధర లేని పాత వస్తువుకు విధానంతో ధర తేగలమా? తెస్తే ఆ డబ్బు ఎవరు కట్టాలి?

గోలీ సోడా రోజులు

తిరిగి వాడటం మనకు ఎవరో వచ్చి నేర్పాల్సిన విద్య కాదు. గోలీ సోడా తాగితే సీసా బండి దగ్గరే ఇచ్చేసేవాళ్లం. కూల్‌డ్రింక్ ఇంటికి తెచ్చుకోవాలంటే కొట్టువాడి దగ్గర సీసాకు డిపాజిట్ కట్టాలి, లేదా ఇంట్లో ఉన్న ఖాళీ సీసా ఇవ్వాలి. పాత చీరలు బొంతలయ్యేవి. పట్టు చీర జరీ కోసం, పాత ప్యాంట్లు స్టీలు గిన్నెల కోసం గుమ్మం దాటేవి. దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను కూడా చుట్టి దాచి అమ్మేవాళ్లు. పల్లెల్లో ఇప్పటికీ పాత ప్లాస్టిక్ బిందెకు ఉల్లిపాయలు తూచి ఇచ్చే ఆటోలు తిరుగుతున్నాయి.

దీన్ని తలచుకుని మురిసిపోవడానికి నేను సిద్ధంగా లేను. ఆ పొదుపులో సగం లేమి వల్ల వచ్చింది. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే సగటు కుటుంబం కొత్త వస్తువు కొనుక్కుంది. అందులో తప్పేముంది? ఈలోగా వస్తువు కూడా మారిపోయింది. ఫ్యాను తిరక్కపోతే కండెన్సర్ మార్చితే సరిపోయేది. మిక్సీ ఆగితే కార్బన్ బ్రష్‌లు, జార్ శబ్దం చేస్తే కప్లర్. వీధి చివర మెకానిక్ స్క్రూడ్రైవర్‌తో తెరిచి, పావుగంటలో మూసేవాడు. ఇప్పటి ఇయర్‌బడ్స్‌ను తెరవడానికి స్క్రూ అన్నదే లేదు. లోపల గోరంత బ్యాటరీ నీరసిస్తే మొత్తం వస్తువు పోయినట్టే. ఫోన్ బ్యాటరీని గమ్‌తో అంటించేశారు. వెనక మూత తీసి బ్యాటరీ మార్చుకున్న రోజులు ఇప్పటి కాలేజీ పిల్లలకు తెలియవు.

అలా పోగుపడిందే ఈ-వ్యర్థం. 2022లో ప్రపంచమంతా కలిసి పారేసిన ఎలక్ట్రానిక్, విద్యుత్ పరికరాలు 6.2 కోట్ల టన్నులని ఐక్యరాజ్య సమితి సంస్థలు లెక్కగట్టాయి. పద్ధతి ప్రకారం సేకరించి, రీసైకిల్ చేసినట్టు లెక్కలున్నది అందులో 22.3 శాతానికే. ఎక్కువ పారేసే దేశాల్లో చైనా, అమెరికాల తర్వాత స్థానం మనదే.

బ్యాటరీకి ఎందుకంత గిరాకీ

లెడ్-యాసిడ్ బ్యాటరీలో ఉన్న సీసాన్ని కరిగిస్తే మళ్లీ కొత్త బ్యాటరీలోకే వెళ్తుంది. దానికి ధర ఉంది. దానికి తోడు, పాత బ్యాటరీలను డీలర్లు వెనక్కి తీసుకోవాలని 2001లోనే కేంద్రం నిబంధన పెట్టింది. ‘పాతది ఇస్తే ఇంత తగ్గింపు’ అన్న మాట కొన్నవాడికీ అమ్మినవాడికీ అలవాటైపోయింది. ఎవరూ అవగాహన ర్యాలీలు తీయలేదు. అయినా ఇన్వర్టర్ బ్యాటరీని చెత్తకుప్పలో చూసినవాళ్లు ఉండరు. (ఊళ్ల అంచుల్లో అనుమతి లేకుండా సీసం కరిగించే బట్టీలు, వాటి పొగ తాగే పిల్లల సంగతి వేరే కథ. వస్తువు వెనక్కి వచ్చినంత మాత్రాన సరిపోదు, అది ఎక్కడికి చేరిందో కూడా చూడాలి.)

మార్కెట్ ధర లేనిచోట ధరను పుట్టించవచ్చని తమిళనాడు చూపించింది. నీలగిరి అడవుల్లో పర్యాటకులు పారేసిన మద్యం సీసాల పెంకులు ఏనుగుల కాళ్లలో గుచ్చుకుంటున్నాయని మద్రాసు హైకోర్టు జోక్యం చేసుకుంది. 2022 మే నుంచి అక్కడి ప్రభుత్వ మద్యం దుకాణాల్లో సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెచ్చిస్తే తిరిగివ్వడం మొదలుపెట్టారు. నూటికి తొంభైకి పైగా సీసాలు తిరిగొచ్చాయి. తాగినవాడు తేకపోతే ఏరుకునేవాడు తెచ్చాడు. పథకం మరిన్ని జిల్లాలకు పాకింది. అదే ఏడాది కేదార్‌నాథ్ యాత్రలో నీళ్ల సీసాలకు ఇలాగే 10 రూపాయల డిపాజిట్ పెట్టారు. ప్రతి సీసాకు క్యూఆర్ కోడ్ అంటించి దాన్ని నడిపింది మన హైదరాబాద్ సంస్థ రీసైకల్.

హైదరాబాద్ కంపెనీ హిమాలయాల్లో చేయగలిగిన పనిని గండిపేట గట్టు మీదో, అరకు లోయలోనో ఎందుకు చేయకూడదు? తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ మద్యం హోల్‌సేల్ వ్యాపారం మొత్తం ప్రభుత్వ కార్పొరేషన్ల చేతిలోనే ఉంది. సీసాకు పది రూపాయలు కలిపి తీసుకోవడానికి వాళ్లు ఎవరినీ బతిమాలక్కర్లేదు.

---

టన్ను ఫోన్లలో గని

కర్నూలు జిల్లా జొన్నగిరి గనిలో టన్ను రాయి పిండి చేస్తే దక్కే బంగారం సగటున రెండు గ్రాముల లోపే. అదే టన్ను పాత ఫోన్లలో రెండు, మూడు వందల గ్రాముల దాకా ఉంటుందని అంచనా. రాగి, వెండి, పల్లాడియం అదనం. తీయడమే కష్టం. యాసిడ్‌లో ముంచి, తగలబెట్టి తీసేవాళ్లు కొంతే రాబట్టగలరు, మిగతాది పొగలో, మురికినీళ్లలో పోతుంది. సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలను సురక్షితంగా వేరుచేసే పరిజ్ఞానాన్ని హైదరాబాద్ చర్లపల్లిలోని కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-మెట్ అభివృద్ధి చేసింది.

---

చేసినవాడిదే బాధ్యత

పాత టీవీని వదిలించుకునే ఖర్చు ఎవరిది? మున్సిపాలిటీది అనుకునేవాళ్లు ఒకప్పుడు. అంటే మనందరి పన్నులతో. 1990లో స్వీడన్‌కు చెందిన థామస్ లిండ్‌క్విస్ట్ ఈ లెక్కను తిరగేశారు. వస్తువు తయారుచేసి లాభం తీసుకున్న కంపెనీయే దాని అంత్యక్రియల ఖర్చూ భరించాలన్నారు. ఖర్చు తన నెత్తిన పడుతుందని తెలిస్తే, ఎక్కువకాలం మన్నేలా, సులువుగా విడదీసేలా కంపెనీ ముందే తయారుచేస్తుందన్నది ఆయన ఆలోచన. మరుసటి ఏడాదే జర్మనీ ప్యాకేజింగ్ మీద దాన్ని చట్టం చేసింది.

మన దగ్గర ఈ-వ్యర్థాలపై తొలి నిబంధనలు 2011లో, సవరించినవి 2016లో వచ్చాయి. 2022లో తెచ్చిన కొత్త నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అప్పటిదాకా 21 రకాల వస్తువులకే ఉన్న బాధ్యత 106 రకాలకు పెరిగింది. కంపెనీ ఎప్పుడో అమ్మిన సరుకులో ఇప్పుడు ఆయుష్షు తీరేది ఎంతో లెక్కగట్టి, అందులో 60 శాతంతో మొదలుపెట్టి 2027–28 నాటికి 80 శాతం రీసైకిల్ చేయించాలి. సొంతంగా చేయనక్కర్లేదు. రిజిస్టరైన రీసైక్లర్ దగ్గర ఆ మేరకు సర్టిఫికెట్లు కొంటే చాలు.

గొడవ మొదలైంది అక్కడే. సర్టిఫికెట్ ధర అట్టడుగుకు పడిపోతే నిజాయతీగా పనిచేసే రీసైక్లర్‌కు గిట్టదు. అందుకని 2024లో కేంద్రం కనీస ధర కట్టింది. టీవీలు, ఏసీల్లాంటి గృహోపకరణాలకు కిలోకు 22 రూపాయలు, ఫోన్లకు 34. ఇది తాము ఇస్తున్నదానికి ఎన్నో రెట్లు ఎక్కువంటూ డైకిన్, హిటాచీ, శాంసంగ్, ఎల్‌జీ వంటి పెద్ద కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. ధర నిర్ణయించడం ప్రభుత్వం పని కాదని, మార్కెట్‌కే వదిలేయాలని వాటి వాదన. మార్కెట్‌కే వదిలేస్తే ఏమవుతుందో మొదటి అంతస్తు బాక్సు టీవీని చూస్తే తెలుస్తుంది. యాభై కిలోల ఫ్రిజ్‌కు ఈ లెక్కన పడేది 1,100 రూపాయలు. పాతిక, ముప్పై వేలు పెట్టి కొనే వస్తువు మీద ఇది మోయలేని భారమని నమ్మడం నాకు కష్టంగానే ఉంది.

అయితే సర్టిఫికెట్ అన్నది కాగితం. కాగితానికి నకలు పుట్టడం ఎంతసేపు! ఇదే పద్ధతి ప్లాస్టిక్‌లో పెట్టిన ఏడాదికే, 2023లో, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కొన్ని రీసైక్లింగ్ యూనిట్లను తనిఖీ చేస్తే దాదాపు 6 లక్షల నకిలీ సర్టిఫికెట్లు బయటపడ్డాయి. రీసైకిల్ కాని ప్లాస్టిక్‌ను అయినట్టు చూపించి అమ్ముకున్నారన్నమాట. టైర్లు, వాడిన ఇంజిన్ ఆయిలు, కాలం చెల్లిన వాహనాలు, ఒకదాని తర్వాత ఒకటి ఇదే చట్రంలోకి వచ్చేశాయి. నిబంధనల సంఖ్య పెరిగినంత వేగంగా తనిఖీ చేసే మనుషుల సంఖ్య పెరిగిన దాఖలా లేదు.

లెక్కలోకి రాని మనుషులు

మిక్సీ కొన్న ఆటో సాయంత్రానికి స్క్రాప్ షాపు ముందు ఆగుతుంది. అక్కడ ఇనుము ఒక గుట్ట, అట్టలు ఒక గుట్ట, పాలకవర్లు ఒక సంచి. మోటార్లు, సర్క్యూట్ బోర్డులు వేరే మూల. బోర్డులు మూటలుగా కట్టి పెద్ద వ్యాపారికి, అక్కడినుంచి చాలావరకు ఈశాన్య ఢిల్లీలోని సీలంపూర్ లాంటి చోట్లకు. చేతి తొడుగులు కూడా లేకుండా సుత్తితో కొట్టి, మంటమీద పెట్టి చిప్‌లు ఊడదీసేది అక్కడే. రాగి కోసం వైర్లు కాల్చడం మాత్రం మన ఊళ్ల చివర కూడా కనబడుతుంది. ఆ నల్లటి పొగ ఘాటు ఒకసారి తగిలితే గొంతులోంచి ఓ పట్టాన పోదు.

2023–24లో దేశంలో ఈ-వ్యర్థాల్లో 43 శాతం రీసైకిల్ అయినట్టు ప్రభుత్వం చెబుతోంది. మిగిలిన సగానికి పైగా ఎక్కడికి పోయిందంటే ఈ దారినే. విచిత్రమేమిటంటే, కొత్త నిబంధనల కింద రిజిస్టర్ కావాల్సినవాళ్లలో తయారీదారు, రీసైక్లర్, పాతదాన్ని బాగుచేసి అమ్మే రిఫర్బిషర్ ఉన్నారు కానీ పాత నిబంధనల్లో చోటున్న సేకరణ కేంద్రాలు, విడదీసే యూనిట్లు లేవు. ఇంటి గుమ్మం నుంచి ఫ్యాక్టరీ గేటు దాకా వస్తువును చేర్చే వాళ్లకు చట్టంలో పేరే లేదు. పేరు లేనివాడికి 22 రూపాయల్లో వాటా ఎవరిస్తారు? వాళ్లను వదిలేసి కట్టే రీసైక్లింగ్ ప్లాంటు సరుకు కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

దీనికి దారి లేకపోలేదు. పుణెలో చెత్త ఏరుకునే ఆడవాళ్లు 1993లో సంఘం కట్టారు. 2008లో వాళ్ల సహకార సంస్థ ‘స్వచ్’ నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకుని ఇంటింటికీ వెళ్లి చెత్త సేకరించడం మొదలుపెట్టింది. పొడి చెత్తలో అమ్ముడయ్యేదాని మీద వచ్చే డబ్బు వాళ్లదే. అందరికీ గుర్తింపు కార్డులున్నాయి. కుప్పల మీద ఏరుకున్న మనిషే ఇప్పుడు ఇంటి గుమ్మంలో నిలబడి ‘తడి, పొడి వేరు చేసి ఇవ్వండమ్మా’ అని అడుగుతోంది. మురుగుకాలువ కార్మికుల కోసం పెట్టిన ‘నమస్తే’ పథకంలోకి 2024లో చెత్త ఏరుకునేవాళ్లను కూడా చేర్చారు. గుర్తింపు కార్డు చేతికొచ్చాక వాళ్లకు ఏం మారుతుందన్నదే అసలు ప్రశ్న.

రిపేరు షాపు బతకాలంటే

రీసైక్లింగ్ గురించి ఇంత మాట్లాడుకుంటున్నాం గానీ, నిజానికి అది చివరి మెట్టు. వస్తువును ముక్కలు చేసి కరిగించే ముందు, దాన్ని ఇంకో నాలుగేళ్లు వాడుకునే అవకాశం పోగొట్టుకుంటున్నాం.

హైదరాబాద్ అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో ఒక్కో కౌంటరు వెడల్పు రెండు బారలు ఉండదు. మెడ వంచి, మైక్రోస్కోపులో కన్నుపెట్టి, సూదిమొన లాంటి సోల్డరింగ్ ఐరన్‌తో బోర్డు మీద ఇసుక రేణువంత భాగాన్ని మార్చే కుర్రాళ్లు అక్కడ వరసగా కూర్చుంటారు. ‘టచ్ పోయిందా, కాంబో మార్చాలి’ అని ఫోన్ చేతిలోకి తీసుకోకముందే చెప్పేస్తారు. తర్వాతి ప్రశ్న మనల్ని ఇరుకున పెడుతుంది. ‘‘ఒరిజినల్ వేయమంటారా, కాపీ వేయమంటారా?’’ ఒరిజినల్ అంటే ఫోన్ ధరలో సగం. కాపీ వేస్తే కొన్ని ఫోన్లు ‘ఇది అసలు భాగం కాదు’ అని తెరమీద హెచ్చరిక చూపిస్తాయి. నైపుణ్యం కుర్రాడి చేతిలో ఉంది. విడిభాగం, సర్వీస్ మాన్యువల్, సాఫ్ట్‌వేర్ తాళం మాత్రం కంపెనీ గుప్పిట్లో ఉన్నాయి.

ఫ్రాన్స్ పట్టుకున్నది ఈ గుప్పిటినే. 2021 జనవరిలో అక్కడ ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీలు, వాషింగ్ మిషన్ల పక్కన ధరతోపాటు ఒక అంకె కూడా కనబడాలన్న నిబంధన వచ్చింది. పదికి ఎన్ని మార్కులు? విప్పడం ఎంత సులువు, విడిభాగాలు ఎంతకాలం దొరుకుతాయి, వాటి ధర ఎంత, మరమ్మతు వివరాలు బయటపెట్టారా అన్నవి చూసి వేసే మార్కులవి. తర్వాత ఇంకో అడుగు వేసింది. 2022 డిసెంబరు నుంచి గుర్తింపు పొందిన రిపేరు షాపులో బిల్లు మీదే కొంత తగ్గింపు. ఆ డబ్బు ఖజానాది కాదు, తయారీ కంపెనీలు బాధ్యత కింద కట్టేది. మరుసటి ఏడాది బట్టలకూ చెప్పులకూ కూడా వర్తింపజేశారు. చెప్పు మడమ కుట్టించుకుంటే కంపెనీలు కట్టిన సొమ్ములోంచి తగ్గింపు దొరుకుతుందంటే మన చెప్పులు కుట్టేవాళ్లు నమ్ముతారా!

యూరోపియన్ యూనియన్ మొత్తంలో 2025 జూన్ 20 నుంచి అమ్మే స్మార్ట్‌ఫోన్లకు, ఆ మోడల్ అమ్మకం ఆపేశాక కూడా ఏడేళ్లపాటు ముఖ్యమైన విడిభాగాలు దొరకాలి, ఐదేళ్లు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇవ్వాలి. అదే కంపెనీలు, దాదాపు అవే ఫోన్లు మన దగ్గరా అమ్ముతున్నాయి. మనకు ఆ హామీ లేదు.

కేంద్రం చేతులు ముడుచుకుని కూర్చుందని అనలేం. 2022 డిసెంబరు 24న ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెరిచింది. కంపెనీలు తమంతట తాము వివరాలు పెట్టే జాగా అది, చట్టం కాదు. ఫోన్లు, ఎలక్ట్రానిక్స్‌కు ఫ్రాన్స్ తరహా మార్కులు, అంటే రిపేరబిలిటీ ఇండెక్స్, ఎలా ఉండాలో చెప్పమని కేంద్ర అధికారి భరత్ ఖేరా అధ్యక్షతన కమిటీ వేస్తే, 2025 మేలో నివేదిక అందింది.

పన్నుల దగ్గరికి వస్తే ఇంకో తమాషా. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీలు, పెద్ద టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పండగ అమ్మకాలు ఊపందుకున్నాయి, అందరికీ సంతోషమే. మరమ్మతు సేవ మీద మాత్రం 18 శాతం అలాగే ఉంది. ఏడాదికి 20 లక్షల లోపు టర్నోవర్ ఉన్న వీధి మెకానిక్‌కు జీఎస్టీ లేని మాట నిజమే, కానీ అతను కొనే విడిభాగం మీద కట్టక తప్పదు. కొత్తదానికీ బాగుచేసినదానికీ ఒకే పన్ను వేసి, జనం పారేస్తున్నారని వాపోవడంలో అర్థం లేదు.

---

దుకాణంలో అడగాల్సినవి

• ఈ మోడల్ విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయి?
• బయట మెకానిక్ విప్పితే వారంటీ పోతుందా?
• ఫోన్ అయితే: సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎన్నేళ్లు వస్తాయి, బ్యాటరీ మార్చడానికి ఎంతవుతుంది?
• పాతది మీరు తీసుకుంటారా, తీసుకుని ఎవరికి ఇస్తారు?

---

మన దగ్గర

ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి ప్రతి నెలా మూడో శనివారం ‘స్వర్ణాంధ్ర – స్వచ్ఛాంధ్ర’ కార్యక్రమం నడుస్తోంది. అదే ఏడాది 2025–30 కాలానికి సర్క్యులర్ ఎకానమీ, వ్యర్థాల రీసైక్లింగ్ విధానం తెచ్చారు. పొడి చెత్త తెచ్చిస్తే నిత్యావసర సరుకులిచ్చే స్వచ్ఛ రథాలు తిరుగుతున్నాయి. పల్లెల్లో ఉల్లిపాయల ఆటో చేస్తున్న పనే ప్రభుత్వం రంగులేసుకుని చేస్తోందన్నమాట. నవ్వుకోవడానికి చెప్పడం లేదు, చెత్తకు ధర కట్టడం సరైన దారి. ఇంటింటి చెత్త పన్ను మీద జనానికి ఎంత కోపమొచ్చిందో, ప్రభుత్వం మారాక 2024 చివర్లో దాన్ని ఎలా ఎత్తేయాల్సి వచ్చిందో రాజకీయ నాయకులకు బాగా గుర్తుంటుంది. ఇంటివాళ్ల దగ్గర వసూలు చేయడం ఓట్లకు ఖరీదైన వ్యవహారం. కంపెనీల దగ్గర వసూలు చేయడమే న్యాయం, దానికి చట్టం ఇప్పటికే ఉంది.

హైదరాబాద్ చెత్తంతా ఏళ్ల తరబడి మోసిన జవహర్‌నగర్ గుట్టకు కప్పు వేశారు, చెత్త నుంచి కరెంటు తీస్తున్నారు. చుట్టుపక్కల కాలనీల వాళ్లు వాసన గురించీ బోరు నీళ్ల గురించీ చెప్పుకుంటూనే ఉన్నారు. కాల్చి కరెంటు తీసే ప్లాంటుకు రోజూ చెత్త కావాలి. చెత్త తగ్గించాలన్న విధానానికీ, చెత్త మీద బతికే ప్లాంటుకూ ఎప్పటికైనా పొసగదు. ఇప్పుడు ఇలాంటి ప్లాంట్లకు ఒప్పందాలు రాసేవాళ్లు పదేళ్ల తర్వాతి సంగతి ఆలోచించి రాయాలి.

కొత్త చట్టాలు అక్కర్లేదు. ఉన్నవాటిలోనే మూడు మార్పులు చాలు. కంపెనీలు కట్టే డబ్బులో కొంత రిపేరు షాపుకు వెళ్లాలి. ఇంకొంత, గుర్తింపు కార్డున్న పాతసామాన్ల వ్యాపారికి చేరాలి. రిపేరబిలిటీ మార్కు కంపెనీ ఇష్టానికి వదలకుండా తప్పనిసరి చేయాలి. ఈ మూడూ ఢిల్లీలో తేలాల్సినవే. ఈలోగా మన చేతిలో ఉన్నదొకటి ఉంది. ఈసారి పండగ ఆఫర్లలో టీవీయో ఫోనో కొనడానికి వెళ్తే, ధర ఎంత తగ్గిస్తారని అడిగాక పైన బాక్సులో ఉన్న నాలుగు ప్రశ్నలూ అడగండి. జవాబు చెప్పలేకపోతే కాగితం మీద రాసిమ్మని పట్టుబట్టండి. రోజుకు పదిమంది అడిగితే సేల్స్‌మన్ మేనేజర్‌ను అడుగుతాడు, మేనేజర్ కంపెనీని అడుగుతాడు.